వంతు బిందె

"ఇంకొక్కసారి చెప్పమ్మా. 'మాకు ఎవరూ లేరు' అను. అని కొంచెం ఆగు. ఆగినాక బిందె వంచు. అంతే."

పొద్దున ఏడింటి ఎండ అప్పుడే ఇంటి రేకుల మీదికి ఎక్కుతోంది. వాకిట్లో నులకమంచం మీద తల్లి కూర్చుంది. ఆమె పక్కన ఒక సొట్టల స్టీలు బిందె. ఎదురుగా గడప మీద కూర్చుని కూతురు కాగితం చూసి చదువుతోంది. దూరం నుంచి చూసేవాళ్ళకు ముచ్చటైన దృశ్యమే. చదువుకున్న కూతురు చదువురాని తల్లికి పాఠం చెప్పుకుంటోందని సంతోషిస్తారు. ఆ పాఠం ఏమిటో దగ్గరికి వెళ్ళి వింటే తప్ప తెలియదు.

"ఏందమ్మా, ఆగిపోయినావు?"

"ఆ మాట కాడికి వచ్చేసరికి నోరు తిరగలేదు పాపా."

"మూడు మాటలే గదా!"

"మూడే. ఎత్తబోతే బరువుగా ఉండాయి."

వాళ్ళది పుల్లలచెరువు మండలంలోని రాళ్ళవాగుపల్లె. వాకిట్లో నిలబడితే నల్లమల నీలంగా, చెయ్యి చాస్తే అందేటట్టు కనబడుతుంది. అరవై గడపలు. ఊళ్ళో ఎక్కడ బోరు వేసినా ఫ్లోరైడు నీళ్ళే. ఆ నీళ్ళు తాగి తల్లి భాగ్యమ్మ మోకాళ్ళు నలభై ఏళ్ళకే వంగిపోయాయి. ఇప్పుడు కర్ర లేనిదే వాకిలి దాటలేదు. భర్త విశ్వాసం ఏడాదికి నాలుగు నెలలు మిరపకోతలకు గుంటూరు వైపు పోతాడు. ఒక్కతే కూతురు జెస్సీ. ఆ పల్లెలో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్ల. రెండేళ్ళుగా మార్కాపురంలో 'తొలకరి గ్రామసేవా సమితి' ఆఫీసులో పనిచేస్తోంది.

తొలకరి అంటే పట్టణంలోని వ్యాపారులూ డాక్టర్లూ టీచర్లూ కలిసి పెట్టుకున్న సంస్థ. ఏడాదికొకసారి సాంస్కృతిక సాయంత్రం జరుపుతారు. పిల్లల నాట్యాలు, పాటలు ఉంటాయి. అక్కడ పోగైన చందాలతో ఏదో ఒక పల్లెకు ఒక మంచి పని చేస్తారు. ఒక ఏడు కొనకనమిట్ల వైపు బడికి గది కట్టించారు. ఒక ఏడు కురిచేడు దగ్గర ఆడవాళ్ళకు కుట్టుమిషన్లు ఇచ్చారు. ఈ ఏడు రాళ్ళవాగుపల్లెకు, ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడు తీసేసే మంచినీటి ప్లాంటు అనుకున్నారు. అడవి అంచున రెండు మైళ్ళ దూరంలో మిగిలిన ఒకే ఒక మంచి బోరు వేసవి వేసవికీ అడుగంటుతోంది. అది ఎండితే ఊరంతా మళ్ళీ ఆ విషపు నీళ్ళకే దిగాలి. భాగ్యమ్మ మోకాళ్ళు రేపు పలకాబలపం పట్టే పిల్లలకూ వస్తాయి. జెస్సీకి కంటిమీద కునుకు లేకుండా చేస్తున్న సంగతి అదే.

ఈ కథలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. అందువల్లనే ఇది చెప్పవలసి వస్తోంది.

తొలకరిలో సాంస్కృతిక కార్యదర్శి ఫణికృష్ణ. స్టేజీ, లైట్లు, పాటలు, అన్నీ ఆయన చేతిమీదుగానే నడుస్తాయి. నెల క్రితం ఆయనే జెస్సీని పిలిచి చెప్పాడు.

"ఈసారి మీ అమ్మగారే స్టేజీ మీదికి రావాలి జెస్సీ. ముందు పిల్లలు దాహం డ్యాన్సు చేస్తారు. అది అయిపోంగానే పొగ, నీలం లైటు. అందులోంచి మీ అమ్మగారు. రెండు నిమిషాలు చాలు. పక్కన ఒట్టి మట్టికుండ."

"మట్టికుండలు మా ఊళ్ళో ఎవరూ మోయరు సార్. స్టీలు బిందెలు, ప్లాస్టిక్ బిందెలే."

"అయితే పాత స్టీలుది తెప్పించు. మెరవకూడదు. చీర కూడా పాతదే. నేను ఇరవై ఏళ్ళ ఎక్స్‌పీరియన్సుతో చెప్తా ఉండా, కన్నీళ్ళు రాకపోతే చేతులు జేబుల్లోకి పోవమ్మా. ఎవరూ లేనోళ్ళకే ఎవరైనా ఇస్తారు."

జెస్సీ ఆలోచించింది. ఊరికి నీళ్ళు రావాలి. రెండు నిమిషాల మాటలు. ఆఫీసులోనే కూర్చుని తల్లి మాటలన్నీ తానే రాసింది. చివరి మాట దగ్గర కాసేపు ఆగి, 'మాకు ఎవరూ లేరు' అని రాసి, కింద గీత కూడా గీసింది.

ఇప్పుడు ఆ గీత దగ్గరే తల్లి ఆగిపోయింది.

అంతలో పక్క సందులోంచి అన్నమ్మ నీళ్ళ బిందె చంకన పెట్టుకుని వచ్చింది. తిన్నగా ఇంట్లోకి పోయి, మంచినీళ్ళ డ్రమ్ములో పోసి, ఖాళీ బిందెతో బయటికి వచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఏంది వొదినా, తల్లీకూతుళ్ళు సినిమా తీస్తా ఉండారా? నాకేమన్నా వేషం ఉందా?"

"నీకు విలను వేషం ఉందిలే, పో" అంది భాగ్యమ్మ.

"వొంతు నీళ్ళు పోసినదాన్ని పట్టుకోని విలనంట! రేపు వెస్లీ వాళ్ళ వొంతు. వాళ్ళతో పోయించుకో నీళ్ళు, చూస్తా" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

ఆమె పాదాల తడి వాకిట్లో వరసగా మిగిలింది. భాగ్యమ్మ ఆ తడినే చూస్తూ ఉంది.

"ఇప్పుడే అన్నమ్మ పోసి పాయె. ఎవురూ లేరని ఎట్ల చెప్పేది పాపా?"

"అది వేరేలేమ్మా. అక్కడోళ్ళకు ఇవన్నీ అర్థం కావు."

ఆ 'ఇవన్నీ' ఏమిటో చదువరులకు చెప్పాలి. రాళ్ళవాగుపల్లెలో నడవలేనివాళ్ళు ఐదారుగురు ఉన్నారు. వాళ్ళ ఇంటికి రోజూ ఒక బిందె మంచినీళ్ళు ఊళ్ళోవాళ్ళు వంతులవారీగా తెచ్చిపోస్తారు. దాన్నే వంతు బిందె అంటారు. ఈ రోజు ఒక గడప, రేపు పక్క గడప. పెళ్ళి ఉన్నా, జ్వరం వచ్చినా వంతు తప్పకూడదు. ఆ నడవలేని మనిషి ఎక్కడుంటే వంతు నీళ్ళు అక్కడికి చేరాలి. ఒకసారి భాగ్యమ్మ మార్కాపురం ఆసుపత్రిలో మూడు రోజులు ఉంటే, మూడు రోజులూ బస్సులో బిందె వచ్చింది. కండక్టరు దానికి సీటెందుకని దెబ్బలాడితే, వంతుకు వచ్చిన రమణ దాన్ని ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు.

ఒకప్పుడు ఆ ఊళ్ళోనూ నీళ్ళ దగ్గర రెండు వరసలు ఉండేవి. పై వీధివాళ్ళు ముందు, చర్చి వీధివాళ్ళు వెనక. బోర్లన్నీ చెడి, ఆ వీధి మోకాళ్ళూ ఈ వీధి మోకాళ్ళూ ఒకే రకంగా వంగిపోయాక, రెండు వరసలు నిదానంగా ఒకటయ్యాయి. ఇప్పుడు ఆ బిందె ఏ గడపలోంచి వచ్చిందని ఎవరూ అడగరు.

జెస్సీకి ఇదంతా తెలుసు. కాని మనిషికి రోజూ కళ్ళముందు ఉన్నది కనపడదు. రాసేటప్పుడు అది ఆమె చేతికి రాలేదు.

"పోనీ, నాకు వచ్చే కల చెప్తే చాలదా?" అని అడిగింది భాగ్యమ్మ.

ఆమెకు ఎప్పుడూ వచ్చే కల ఒకటుంది. తెల్లవారుజామున నల్లమల మీదినుంచి మంచు తెల్లటి దుప్పటిలా జారి ఊరంతా పరుచుకుంటుంది. ఇళ్ళు కనబడవు. భాగ్యమ్మ కాళ్ళు చక్కగా చాపుకుని ఆ మంచులో నడుస్తుంటుంది. చంకలో నిండు బిందె. నడిచేకొద్దీ అది బరువు తగ్గుతుంది గాని నీళ్ళు తగ్గవు. కనపడని వాకిళ్ళలోంచి ఎవరెవరో చెంబులు చాస్తారు. అందరికీ పోస్తూ పోతుంది. ఎవరి చెంబు అని చూడబోయేసరికి మెలకువ వస్తుంది.

"కల చెప్తే ఎవరు ఇస్తారమ్మా?" అంది జెస్సీ. "నా ఉద్యోగం సంగతి కాదు, ఊరికి నీళ్ళు. ఆ ఒక్క మాట చెప్పు."

"సరేలే పాపా. నీకోసం చెప్తా."

ఆ 'నీకోసం' అన్న మాట జెస్సీ విన్నది గాని, ఆగి ఆలోచించలేదు.

సాంస్కృతిక సాయంత్రం నాడు మధ్యాహ్నం తొలకరి వ్యాను ఊళ్ళోకి వచ్చింది. జెస్సీ పొద్దుననే హాలు పనులకు మార్కాపురం పోయింది. తల్లికి తోడుగా శ్రీశైలమ్మను రమ్మని చెప్పిపోయింది. శ్రీశైలమ్మ పై వీధి మనిషి. ఆమె రెండు చేతులూ పట్టుకుని భాగ్యమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి, తేరిపార చూసింది.

"పట్నం పోతా ఈ అతుకుల చీరేంది వొదినా? క్రిస్మసుకు కట్టే తెల్లచీర యాడ?"

"పాప ఇదే కట్టుకోమన్నె."

"చదువు ఎక్కువైతే ఇట్లనే చెప్తారు" అని శ్రీశైలమ్మ వెనక్కి వచ్చింది. వెనక సీటు మీద సొట్టల బిందె ఒట్టిగా పడుంది. అది చూసి ఆమె నాలుక కరుచుకుంది. ఆ రోజు వంతు తనది. ఎండలో రెండు మైళ్ళు పోయి తెచ్చిన నీళ్ళు ఇంట్లో అట్లనే ఉన్నాయి. గబగబా వెళ్ళి తెచ్చి, ఆ బిందెను అంచుదాకా నింపి, మూతికి గుడ్డ కట్టి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ బిందె ఒట్టిగానే ఉండాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు. ముందు సీట్లో భాగ్యమ్మ అప్పటికే కిటికీ గాలికి కళ్ళు మూసుకుంది. దారిపొడవునా కొండ ఆమె రెప్పల వెనక కదులుతూ వచ్చింది.

హాలు నిండిపోయింది. ముందు వరసలో సమితి అధ్యక్షుడు హనుమంతరావు కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ళ పెద్దమనిషి, పలకల వ్యాపారి. ఆయన చొక్కా ఎంత ఉతికినా ముడతల్లో సన్నటి బూడిదరంగు పొడి ఉంటుందని ఊళ్ళో అంటారు. స్టేజీ మీద పట్టణపు పిల్లలు పదిమంది, ముఖాలకు మసి పూసుకుని, దాహంతో అల్లాడినట్టు నాట్యం చేస్తున్నారు. ఒక పాప నేల మీద పడి నీళ్ళకోసం చేతులు చాచింది. తల్లులు ఫోన్లు ఎత్తి వీడియోలు తీశారు. కొందరు కళ్ళు కూడా తుడుచుకున్నారు.

నాట్యం ఆగింది. పొగ మిషను వెయ్యగానే తెల్లటి పొగ స్టేజీ మీద పాకింది. నీలం వెలుగు దాన్లోకి దిగింది. ఆ పొగలోనే శ్రీశైలమ్మ బిందెను స్టూలు పక్కన పెట్టి, మూతి గుడ్డ విప్పి, భాగ్యమ్మను కూర్చోబెట్టి తెర వెనక్కి తప్పుకుంది. పిల్లలు వరసగా వెనక నిలబడ్డారు.

భాగ్యమ్మ కళ్ళు తెరిచి చూస్తే ఎదుట హాలు లేదు. మనుషుల ముఖాలు లేవు. తెల్లటి మంచు, నీలపు కొండ రంగు. కల వచ్చిందనుకుంది. పక్కన ఎక్కడో కూతురి గొంతు "చెప్పమ్మా" అని గుసగుసగా వినిపించింది.

నేర్చుకున్నది చెప్పడం మొదలుపెట్టింది. పేరు చెప్పింది. ఊరు చెప్పింది. మోకాళ్ళ సంగతి చెప్పింది. "మాకు..." అంది.

తెర పక్కన ఫణికృష్ణ వయొలిను సంగీతం పెంచమని చేత్తో సైగ చేశాడు.

"మాకు..." అంది మళ్ళీ. తర్వాతి మాట రాలేదు. దానికి బదులు, నేర్పినట్టు చేతిని బిందె మీద వేసి వంచబోయింది.

బిందె కదలలేదు. బలంగా వంచింది. గుభుక్కుమని నీళ్ళు ఒలికి ఆమె పాదాల మీదుగా, స్టేజీ మీదుగా, పొగ కిందుగా పారాయి. నీలం వెలుగు వాటిలో వణికింది.

భాగ్యమ్మ బిందెలోకి తొంగి చూసింది. చుట్టూ చూసి, మైకు ఎదురుగానే ఉన్న సంగతి మరిచిపోయి కేకేసింది.

"వొదినా! శ్రీశైలమ్మా! నువ్వు పోసినావా?"

తెర వెనకనుంచి గట్టిగా జవాబు వచ్చింది. "ఈ పొద్దు నా వొంతు గదా వొదినా! పట్నం వచ్చినంత మాత్రాన మర్చిపోతాననుకున్యావా?"

హాలంతా గొల్లున నవ్వింది. ఫణికృష్ణ తల పట్టుకున్నాడు. జెస్సీ చేతిలోని కాగితం చూసుకుంది. ప్లాంటు పోయింది, అంతా పోయింది అనుకుంది.

భాగ్యమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"అమ్మల్లారా, అయ్యల్లారా, తప్పుగా అనుకోవద్దండి. ఇప్పుడు నేను ఒక మాట చెప్పాల. మాకు ఎవురూ లేరని. నా బిడ్డే రాసిచ్చింది. ఊరికి నీళ్ళు రావాలని దాని తాపత్రయం. కానీ చూసినారు గదా, శ్రీశైలమ్మ బిందె నన్ను చెప్పనీలేదు. ఒకప్పుడు నాకు నీళ్ళు తెచ్చేది నా బిడ్డే. ఇంటరు అయినాక ఈ ఊరి హాస్టలుకు పోవాల. నేను పోతే నీకెవరు తెస్తారమ్మా అని మంచం కోడు పట్టుకోని ఏడిసింది. అప్పుడు ఊరు మొత్తం వచ్చి, నువ్వు పో పాపా, నీ బిందె మేం మోస్తాం అన్న్యారు. మా ఊళ్ళో వొంతు బిందె మొదలైంది ఆ పొద్దే. మూడేండ్లు అది చదివింది, అరవై ఇండ్లోళ్ళు మోసినారు. ఇప్పుడు ఎవురూ లేరంటే, నేను దేవునికి ఏం జవాబు చెప్పాల?"

తెర పక్కన నిలబడిన జెస్సీ చేతిలో కాగితం నలిగిపోయింది. తన డిగ్రీ పట్టా ఎన్ని బిందెల మీద తేలి వచ్చిందో ఆమెకు ఆ క్షణంలో కనబడింది. ఎండలో నడిచిన అన్నమ్మ, బస్సులో తడిసిన రమణ, పై వీధినుంచి దిగివచ్చిన శ్రీశైలమ్మ. 'ఎవరూ' అన్న మూడక్షరాల మాటలో వీళ్ళందరినీ తుడిచేసి, కింద గీత గీసింది తానే.

భాగ్యమ్మ వెనక నిలబడిన పిల్లల వంక తిరిగింది. లైట్ల వేడికి, ఎగిరి ఎగిరి, వాళ్ళకు నిజంగానే గొంతులు ఎండిపోయాయి. నేల మీద పడి చేతులు చాచిన పాప బిందె వైపే చూస్తోంది.

"దప్పికైతా ఉందా తల్లీ?"

పాప తలూపింది. భాగ్యమ్మ మైకు పక్కన పెట్టిన గ్లాసును బిందెలో మిగిలిన నీళ్ళలో ముంచి చాచింది. ముందు వరసలో పాప తల్లి సగం లేచింది. ఆ ఊరి నీళ్ళు అన్న భయం ఆమె ముఖంలో కనబడింది. తెర వెనకనుంచి శ్రీశైలమ్మ మళ్ళీ పలికింది.

"భయపడొద్దమ్మా. అడివి బోరు నీళ్ళు. నడిచిపోయి తెచ్చినా. మంచివి కాకపోతే మా వొదినకు పోస్తానా?"

ఆ తల్లి ఒక్క క్షణం నిలబడి, మళ్ళీ కూర్చుంది. పాప గటగటా తాగింది. మసి మీదుగా నీటి చార గడ్డం దాకా దిగింది. ఒకరి తర్వాత ఒకరు పదిమందీ తాగారు. పొగ ఇంకా పూర్తిగా పోలేదు. అందులోంచి చిన్న చిన్న చేతులు వస్తున్నాయి. భాగ్యమ్మ పోస్తోంది. కలలో ఎవరివో తెలియని ఆ చేతులు ఎవరివో ఆమెకు మొదటిసారి కనబడ్డాయి.

"మేం మోసుకునేదానికి సిద్ధమేనయ్యా" అంది చివరికి. "బోరే ఎండిపోతా ఉంది. జాలిపడి ఇస్తే ఈ పొద్దు ఇస్తారు, రేపు మర్చిపోతారు. అందుకే అడుగుతా ఉండా. మీరు కూడా ఒక వొంతు తీసుకుంటారా?"

హనుమంతరావు లేచాడు. మెట్లెక్కి మైకు దగ్గరికి రావడానికి ఆయనకు కొంచెం సేపు పట్టింది.

"పదేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చుంటున్నాను" అన్నాడు. "ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఇక్కడ ఏడుస్తారు. మేమూ ఏడుస్తాం. ఇస్తాం. ఇంటికి పోయి హాయిగా పడుకుంటాం. కొనకనమిట్ల బడి గది ఇప్పుడెట్ల ఉందో నాకు తెలీదు. కుట్టుమిషన్లు తిరుగుతున్నాయో తుప్పు పట్టినాయో ఎన్నడూ అడగలేదు. మీ కన్నీళ్ళు చూసి ఇచ్చినాం గాని, మీ చేతులు చూడలేదమ్మా. ఈ పొద్దు మా పిల్లలకు దప్పికైతే నువ్వే పోసినావు. ఇంక నేను దాతనని చెప్పుకుంటే బాగుండదు. మొదటి వంతు మా ఇంటిది. ప్లాంటు కట్టినంతమాత్రాన అయిపోదు, దాని బాగోగులు ఏడాది పొడుగునా చూడాలి. ఎవరెవరు వంతుకు వస్తారో చేతులెత్తండి."

ఒక్కసారిగా అందరూ ఎత్తలేదు. ముందు పాప తల్లి ఎత్తింది. తర్వాత వెనక ఎవరో. తర్వాత అక్కడొకరు, ఇక్కడొకరు. వాన మొదట చినుకు చినుకుగా పడ్డట్టు లేచాయి. లైటు దగ్గర ఫణికృష్ణ చెయ్యి కూడా లేచింది.

తెర వెనక జెస్సీ తల్లి పాదాల దగ్గర కూర్చుని తడి తుడిచింది. "నన్ను క్షమించమ్మా" అంది.

"దేనికి? నువ్వు కూడా మోసినావు గదా చిన్నప్పుడు" అంది భాగ్యమ్మ. "కాకపోతే ఈసారి నా తెల్లచీర కట్టుకోనీ."

ఏడాది తిరిగింది. రాళ్ళవాగుపల్లె ప్లాంటు గోడకు హనుమంతరావు పంపిన పెద్ద నల్లపలక బిగించి ఉంది. నెలకొక పట్టణపు కుటుంబం పేరు పైన ఉంటుంది. ఆ నెల వాళ్ళు వచ్చి మిషను చూసుకుని, ఊరివాళ్ళతో కూర్చుని భోంచేసి పోతారు. కింద ఆ రోజు నడవలేనివాళ్ళకు బిందె మోసే గడప పేరు. నీళ్ళు ఊళ్ళోకే వచ్చినా ఆ వంతులు మాత్రం మానలేదు. ఈసారి సాంస్కృతిక సాయంత్రంలో రాళ్ళవాగుపల్లె ఆడవాళ్ళు మంచి చీరలు కట్టుకుని కోలాటం వేశారు. ఎవరూ ఏడవలేదు. చేతులు మాత్రం పోయినేటికన్నా ఎక్కువే లేచాయి.

ఈ ఉదయం జెస్సీ సుద్దముక్క తీసుకుని పలక మీద రాసింది. 'బిందె వంతు: జెస్సీ.' పక్కన స్టూలు మీద తెల్లచీరలో కూర్చున్న తల్లి అడిగింది.

"నా పేరు యాడ రాసినావు?"

"నువ్వు నడవలేవు గదమ్మా."

"కూర్చోని కుళాయి తిప్పలేనా? అడుగుతా ఉండేది వొంతు. సాయం కాదు."

జెస్సీ నవ్వి రాసింది. 'కుళాయి వంతు: భాగ్యమ్మ.' నల్లమల మీదినుంచి సన్నటి మంచు దిగుతోంది. అందులోంచి ఒక్కొక్క బిందే వచ్చి కుళాయి కింద చేరుతోంది. భాగ్యమ్మ తిప్పుతోంది.

ఇచ్చే చెయ్యి ఒకరిది, చాచే చెయ్యి ఇంకొకరిది అని మనుషుల్ని విడదీసే సేవ ఎంత గొప్పదైనా సగం బిందే. ఎదుటి మనిషికీ ఒక వంతు మిగిల్చినప్పుడే అది నిండుతుంది.